అటక మీది ఉల్లిపాయలు

మొన్న జగదల్‌పూర్‌లో మా వంటింటి గట్టు కింద ప్లాస్టిక్ బుట్టలో ఒక ఉల్లిపాయ కుళ్ళింది. రెండు రోజులుగా ఏదో వాసన అనుకుంటూనే ఉన్నాను గానీ వంగి చూసే తీరిక లేకపోయింది. తీరా చూసి దాన్ని ఏరి పారేయబోయి, బుట్ట అక్కడే వదిలేసి గుమ్మం దాకా వెనక్కి జరిగాను. కుళ్ళిన ఉల్లిపాయకి ఇంత బెదురేమిటని మా అమ్మాయి నవ్వింది.

మా నాన్న కిరండూల్ రైలు లైన్లో పట్టాలు చూసుకునే గ్యాంగుమన్. బొబ్బిలి పక్క పల్లె నుంచి అమ్మని తీసుకొచ్చి, కొండ కింది వరస క్వార్టర్లలో కాపురం పెట్టాడు. గనుల్లోంచి వచ్చే ఇనుప రాయి దుమ్ముకి ఉతికిన బట్టలు, మా కాళ్ళు, వాన నీళ్ళు అన్నీ ఎర్రగానే ఉండేవి. తొక్కుడు బిళ్ళ ఆడడానికి మాకు ఆ రాతి ముక్కలే దొరికేవి. తొలి వానలు పడి సంతలో హల్బీ మాట్లాడే అడవి పల్లెల ఆడవాళ్ళు ఆకు దొన్నెల్లో బోడ పుట్టగొడుగులు అమ్మకానికి పెట్టేసరికే మా అమ్మ సరుకులు సర్దడం ముగించేది. వానాకాలం కొండ చరియలు విరిగి పట్టాల మీద పడితే విశాఖపట్నం బండి ఎన్నాళ్ళకొస్తుందో తెలీదు, నాలాలు పొంగితే రోడ్డూ బంద్.

చింతపండు ఉప్పు వేసి తొక్కి జాడీకెత్తేది. కందిపప్పులో ఎండుమిరపకాయలు, బియ్యంలో వేపాకు, ఎండు చేపలు మాత్రం పిల్లులకందకుండా దూలానికి. అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ ఉల్లిపాయల మీద. నాన్న పాసింజరు బండిలో తెచ్చిన గోనె సంచులు విప్పి, పొయ్యి వేడి తగిలేలా అటక మీద వెదురు తడక పరిచి, వాటిని పల్చగా ఆరబోసేది. ఆదివారం ఆదివారం నేను నిచ్చెనెక్కి వాటిని తిరగెయ్యాలి, మెత్తబడ్డవి ఏరి కింద పడెయ్యాలి, మొలకొచ్చినవి ముందు కూరకివ్వాలి. పొట్టు గలగలలాడే ఆ చీకటి అటక మీద నేనే మహారాణిని.

నేను మూడో క్లాసులో ఉన్న ఏడు చరియలు రెండు చోట్ల విరిగిపడ్డాయి. నాన్న గ్యాంగు ఆ రెండింటికీ మధ్య ఎక్కడో చిక్కుకుపోయింది. వారం దాటింది. బజారు కొట్లలో గోడలు తప్ప ఏమీ లేవు. అమ్మ పరిచిన ఉల్లిపాయలన్నీ మళ్ళీ సంచుల్లోకెత్తి, అటక మూలకి జరిపి పాత దుప్పటి కప్పింది.

ఒక పొద్దున మరియమ్మ అత్త మా గుమ్మంలోకొచ్చింది. పక్క క్వార్టరామె. వాళ్ళాయనా నాన్న గ్యాంగులోనే. క్రిస్మస్‌కి ఆమె చేసే అరిసెలు మొదట మా ఇంటికే వచ్చేవి. చేతిలో పెద్ద గిన్నె ఉంది.

"ఒదినా, ఉల్లిపాయలున్నాయేటి?"

ఆమె ఇంకా ఏదో చెప్పబోతుండగానే అమ్మ అంది, "నిండుకున్నాయి ఒదినా."

సరుకు అయిపోతే లేదనకూడదని పెద్దవాళ్ళు అలా అంటారని నాకప్పటికి తెలీదు. నిండుగా ఉన్నాయనే అనుకున్నాను.

"అవునత్తా! అటకంతా నిండిపోనాయి. సంచులు సంచులున్నాయి!" అన్నాను, సంబరంగా.

అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. మరియమ్మ అత్త నన్ను చూసి, అమ్మని చూసి, గిన్నె కొంగు కింద పెట్టుకుని "సర్లే ఒదినా" అని వెళ్ళిపోయింది.

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. అక్కడే నేల మీద కూలబడి, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ చెప్పింది. "తుపానొచ్చినప్పుడు మాయమ్మ ఉన్నదంతా ఇరుగుకీ పొరుగుకీ పెట్టీసింది. ఆకరికి మా సెల్లికి గంజి కూడా నేదు. నా ఒళ్ళోనే పోనాది. అప్పుడు దానికి నీ ఈడే."

అమ్మకో చెల్లెలుండేదన్న సంగతే నేను ఎన్నడూ వినలేదు. అమ్మ అత్తతో అన్నది లేవనేనని అప్పుడర్థమైంది; ఆమె అబద్ధం చెప్పడమూ అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. బయటికి పరుగెత్తాను.

బడి షెడ్డులోంచి పొగ లేస్తోంది. మూడు రాళ్ళ మీద పెద్ద డేక్సా పెట్టి క్వార్టర్ల ఆడవాళ్ళు వండుతున్నారు. మరియమ్మ అత్త గిన్నెలో నాలుగంటే నాలుగు ఉల్లిపాయలు. ఎవరికని అడిగాను.

"చరియకవతల మీ నాన్నోళ్ళున్నారు కదే, ఆళ్ళకి," అంది ఒకామె. "రెండ్రోజులై తిండి నేదంట. పట్టాల ట్రాలీ మీద కొంత దూరం, ఆపైన నడిచి తీసుకెల్తారు. మీయమ్మ రాలేదేటి?"

నేను నోరు తెరిచేలోపే మరియమ్మ అత్త జవాబిచ్చింది. "ఒదినకి జొరం. పొద్దున్నించీ లెగలేదు."

నన్ను చూడకుండా అంది, చాలా మామూలుగా. అమ్మ మాటకన్నా ఆ మాటకే నేను ఎక్కువ బిత్తరపోయాను.

ఇంటికి పరుగెత్తి, "అమ్మా, అత్త అడిగినయి నాన్నకే!" అని అరిచాను. చెప్పింది అర్థం కావడానికి అమ్మకి కాసేపు పట్టింది. తరవాత నిచ్చెన కూడా సరిగ్గా ఆనించకుండా ఎక్కింది. దుప్పటి లాగింది. గుప్పుమని వాసన. గాలి ఆడక సంచుల అడుగున ఉల్లిపాయలన్నీ కుళ్ళి నీరు కారుతున్నాయి. ఏ ఏడూ ఇరవై పాయలకు మించి పోగొట్టుకోని మనిషి, మోచేతుల దాకా ఆ రసంలో పెట్టి మంచివి ఏరింది. సగానికి సగం పోయాయి. మిగిలిందంతా, పప్పు కుండతో సహా, నెత్తినెత్తుకుని వానలోనే నడిచింది.

మరియమ్మ అత్త తలెత్తి చూసింది. "జొరం తగ్గిందా ఒదినా? రా, కూకో. కత్తిపీట ఆ పక్కనుంది."

అమ్మ కూర్చుంది. అన్ని ఉల్లిపాయలు కోసినా ఆమె కంట నీటి చుక్క రాలేదు.

నాన్న అయిదు రోజుల తరవాత గడ్డం పెరిగి, ఎర్ర మట్టిలో ముంచి తీసినట్టు వచ్చాడు. అన్నం ముందు కూర్చుని, "ఉల్లిపాయలేసి పప్పన్నం పంపినారు. ఆ వాసనకే పేణం లేచొచ్చినాది. ఎవులింటివో గాని సల్లగుండాలి," అన్నాడు. అమ్మ ఆయన కంచంలో ఇంకో గరిట పప్పు వడ్డించింది. అంతే. నేను చెప్పలేదు, అమ్మ చెప్పలేదు, మరియమ్మ అత్త ఎప్పటికీ చెప్పలేదు. ఆ డిసెంబరులోనూ అరిసెలు మొదట మా ఇంటికే వచ్చాయి.

పోయినేడు పని మీద కిరండూల్ వెళ్ళాను. మా వరస కూల్చేశారు. కొత్త ఇళ్ళలో అటకలంటే సూట్‌కేసులు దాచుకునే సిమెంటు పలకలు. లైను బందయితే కబురు ముందే ఫోన్లో వస్తుంది, ఎవరి ఏర్పాట్లు వాళ్ళు చేసుకుంటారు. అమ్మా లేదు, మరియమ్మ అత్తా లేదు. ఆ రోజు అమ్మకి ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో, నా కూతురి వయసు. జగదల్‌పూర్‌లో మా గుమ్మంలోకి గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళెవరూ లేరు. మాకు అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాదు. చెప్పినా, మా పరువు పోకుండా నలుగురిలో కాపాడే మనిషి పక్కింట్లో లేదు.