క్లేటన్ సారు ఇప్పించిన చదువు

పచ్చి వేరుశెనక్కాయలు ఉప్పేసి ఉడకబెడుతున్న వాసన తగిలితే నేనిప్పటికీ ఉన్నచోటే నిలబడిపోతాను. మొన్న సాయంత్రం నెల్లూరు బజారులో ఒక తోపుడుబండి ముందు అలాగే ఆగిపోయాను. బండామె "ఎంతకియ్యమంటావన్నా?" అని అడుగుతూనే ఉంది. నా మనసు అప్పటికే విడవలూరు దాటి, సముద్రం వైపు, ఊరికి ఎడంగా ఉన్న మా పాలెంలో, మా ఇంటి అరుగు మీద క్లేటన్ సారు పక్కన కూర్చుని ఉంది. ఆయన్ను ఎరిగినవాళ్ళు మా పాలెంలోనే ఇప్పుడు ఎక్కువమంది లేరు. నాకు గుర్తున్నంతవరకైనా రాసిపెడదామని కూర్చున్నాను.

అరవైల మొదట్లో మాట. మా మిషన్ బడిలో వ్యవసాయం నేర్పడానికి అమెరికా నుంచి ఒక దొర వస్తున్నాడని కబురొచ్చింది. పాస్టరుగారు పిల్లలందరికీ బంతిపూల దండలిచ్చి బస్సు దగ్గర నిలబెట్టారు. బస్సులోంచి మా నాయనకన్నా నల్లగా, నిలువెత్తు మనిషి ఒకాయన దిగారు. పాస్టరుగారు పక్కకు జరిగి ఆయనకు దారిచ్చి, దొర ఇంకా దిగడేమని మెడ సాచి బస్సులోకి చూస్తూనే ఉన్నారు. బస్సు కాస్తా కదిలిపోయింది. అప్పుడు ఆయన పెట్టె కింద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వి, మా ముందుకొచ్చి తలవంచారు. మా అవ్వ గుంపును తోసుకుంటూ వచ్చి ఆయన చెయ్యి తడిమి చూసింది. "ఒసే, మనోడేనే! మనోడే అమెరికా నుంచి వచ్చినాడే!" అని కేకేసింది. పాస్టరుగారికి తల కొట్టేసినట్టయింది గానీ, ఆ మాటకు అర్థం తెలిశాక సారు మా అవ్వను ఎక్కడ కనిపించినా పలకరించకుండా వదిలేవారు కాదు. "దొరా" అని పిలిస్తే మాత్రం పలికేవారు కాదు. దాంతో అందరికీ సారే అయ్యారు.

తెలుగు కాస్త పట్టుబడ్డాక ఒకరోజు మా ఇంటికొచ్చారు. అమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంట్లో పెట్టడానికేమీ లేక, పిల్లల కోసం ఉడకేసిన వేరుశెనక్కాయలే చాటలో పోసి సిగ్గుపడుతూ ముందు పెట్టింది. ఆయన ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని, వెంటనే ఇంకొకటి ఒలిచారు. తర్వాత చాటను ఏకంగా ఒళ్ళోకి లాక్కున్నారు. "మా అమ్మ కూడా ఇట్టనే చేస్తాది, ఇదే ఉప్పు," అన్నారు. ఆ రోజే వాళ్ళ సంగతులన్నీ చెప్పారు. వాళ్ళ తాత తెల్లవాళ్ళ పత్తిచేలల్లో బానిసట. నల్లవాళ్ళను మిగతా కాలేజీల గడప తొక్కనివ్వని రోజుల్లో నల్లవాళ్ళ కోసమే కట్టిన కాలేజీలో సారు వ్యవసాయం చదివారు. ఎవరెవరో తలా కొంత వేసి నడిపిన స్కాలర్‌షిప్పుతో ఆయన చదువు సాగింది.

"అక్కడా ఇంతేనా?" అన్నాడు నాయన ఆశ్చర్యంగా.

"అక్కడా ఇంతేనన్నా."

బడి వెనక ఇసుకనేలలో ఆయన మాతో వేరుశెనగ వేయించారు. ఒకసారి చెట్టు పీకి, వేళ్ళకున్న బుడిపెలు చూపించి "ఇదేంది?" అని అడిగారు. "తెగులు సార్!" అన్నాను. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చెట్లు పీకుతున్నవాణ్ణి కదా, ఎంత ధీమాగా చెప్పానో! ఆయన నవ్వలేదు. ఒక బుడిపెను గోటితో చిదిమి లోపలి ఎరుపు చూపించారు. గాలిలో ఉన్న నత్రజని బలాన్ని చెట్టుకూ నేలకూ అందించేది ఇదేనని చెప్పారు. ఇన్నేళ్ళూ మా చేతుల్లోనే ఉన్నదాన్ని మేము రోగమనుకున్నాం. ఆ రోజుతో నాకు వ్యవసాయం పిచ్చి పట్టుకుంది.

నేను నెల్లూరులో పి.యు.సి. ముగించేనాటికి, అమెరికాలో సారు చదివిన కాలేజీలోనే చదివి బయటికొచ్చినవాళ్ళు ఇక్కడ మాలాంటి ఇళ్ళ నుంచి ఒక విద్యార్థిని వ్యవసాయ కళాశాలలో చదివించడానికి ముందుకొచ్చారు. సారు నా పేరు చెప్పారు. సీటూ వచ్చింది. ఇక నాయన ఒప్పుకోవడమే తరువాయి.

నాయన ఊళ్ళో రెడ్డిగారి దగ్గర పాలేరు. ఏడాది పొడుగునా ఆయన పొలంలోనే చాకిరీ. "మా అయ్య మట్టి పిసికినాడు, నేనూ పిసుకుతా ఉండా. నిన్ను చదివించింది మళ్ళా ఆ మట్టిలోకే తోసేదానికా? నువ్వు ఫ్యాను కింద కూర్చోని ఉద్యోగం చెయ్యాల," అని ఒక్క మాటతో తేల్చేశాడు. అలిగి అన్నం మానేశాను. కరగలేదు. అమ్మ బతిమాలింది. వినలేదు. కళాశాలలో చేరే గడువు దగ్గరపడింది. అది దాటితే స్కాలర్‌షిప్పు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

ఒక సాయంత్రం సారు వచ్చి అరుగు మీద నాయన పక్కన కూర్చున్నారు. వ్యవసాయం ఎంత గొప్పదో చెబుతారనుకున్నాను.

"మా నాయన కూడా ఇదే మాట అన్నాడన్నా," అన్నారాయన. "మీ తాత పత్తిచేల్లో కొరడాదెబ్బలు తిన్నాడు, నువ్వు పుస్తకం పట్టుకోని ఆడికే పోతావా అన్నాడు."

నాయన తలెత్తి చూశాడు. "మళ్ళ ఒప్పుకున్నాడా?"

నేను గుమ్మం పక్కన నిలబడి వింటున్నాను. ఒప్పుకున్నాడని ఒక్క మాట అంటే నా పని అయిపోతుంది. అంటారనే అనుకున్నాను.

"లేదన్నా. పట్టా తీసుకున్న రోజు కూడా రాలా. చనిపోయేదాకా నా చదువు గురించి ఒక్క మాట అడగలా."

నా ప్రాణం ఉసూరుమంది. ఈయనకు ఈ సమయంలోనే నిజం చెప్పాలనిపించిందా అని మనసులో తిట్టుకున్నాను కూడా. నాయన చేతిలో బీడీ ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోలేదు.

"అయ్యో దేవుడా," అన్నాడు. "ఈ వయసులో, ఇంత దూరమొచ్చి, పరాయోళ్ళ అరుగు మీద కూర్చోని కన్నతండ్రి గురించి ఈ మాట చెప్పుకుంటా ఉండారే సారూ! రేపు నా కొడుకు నా గురించి యాడా అట్ట చెప్పుకోగూడదు. పోనీండి. చదవనీండి."

సారు నాయన చెయ్యి పట్టుకుని చీకటి పడేదాకా వదల్లేదు.

చదివాను. వ్యవసాయశాఖలో చేరి జిల్లా అంతా తిరిగాను. సారు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు పోయారని తెలిసింది. నా కోసం డబ్బు వేసినవాళ్ళలో ఒక్కరి ముఖమూ నేనెరగను. వాళ్ళందరూ చల్లగా ఉండాలని ఇప్పటికీ ప్రార్థన చేసుకుంటాను.

రిటైరైనా మా పాలెంలాంటి పాలేలకు పోవడం మానలేదు. పిల్లల్ని వ్యవసాయం చదివించమంటాను. ప్రతిచోటా ఎవరో ఒక తండ్రి "చదివి మళ్ళా మట్టేనా సార్?" అంటాడు. నేనతని అరుగు మీద కూర్చుంటాను. మా నాయన కూడా ఇదే మాట అన్నాడని చెబుతాను. అతను తలెత్తి చూస్తాడు.

"మళ్ళ ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడయ్యా," అంటాను. ఆ మాట చెప్పుకునే భాగ్యం క్లేటన్ సారుకు లేకపోయింది. నాకుంది, ఆయన పుణ్యాన.