లోపల వదిలిన గుడ్డ

సూరారంలో జాస్మిన్ దగ్గర జాకెట్టు కుట్టించుకున్న వాళ్లెవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు. ఒళ్లొచ్చినా బెంగ లేదు, కుట్టు విప్పుకుంటే చాలు, ఆవిడ లోపల గుడ్డ వదిలే ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా మిషను తొక్కుతున్న మనిషి, ఒక్కనాడూ గుడ్డను కుట్టు దాకా కత్తిరించి ఎరగదు. రేపటికి చోటుంచాలంటుంది. ఆ అలవాటే ఆవిడకు పేరు తెచ్చింది. ఒకసారి కొంప ముంచబోయిందీ ఆ అలవాటే.

రావల్కోల్ చర్చి హాల్లో పన్నెండు మంది ఆడవాళ్లకు జాస్మిన్ కుట్టు నేర్పేది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టించే రవీందర్ అనే వ్యాపారి నెలాఖరుకు వచ్చి చూస్తానన్నాడు. తలా ఒక చొక్కా తన కళ్ల ముందు కుట్టి చూపిస్తే ఏడాది పొడుగునా పని ఇస్తాడట. కలుపు తీసి తీసి నడుములు పడిపోయిన వాళ్లకు నీడపట్టున కూర్చుని చేసుకునే పని. అందరికీ అన్నీ వచ్చాయి, కాలరు ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే మేడ్చల్‌లో బస్సు దిగబోయి జాస్మిన్ కాలు విరగ్గొట్టుకుంది. నెలన్నర దాకా గడప దాటొద్దన్నాడు డాక్టరు.

గడప దాటొద్దన్నాడు గానీ మిషను ముట్టొద్దనలేదు కదా. భర్త శామ్యూల్ చేత మోటారు మిషను మంచం పక్కకు జరిపించి, ఫోనును కిటికీ ఊచకు కట్టించి, బాగున్న కాలితో తొక్కుతూ కాలరు కుట్టే విధానమంతా వీడియో తీసింది. ఇక అది చూపించడమెలా? ఆ ఆడవాళ్లలో సగం మందివి బటన్ ఫోన్లు, మిగతా సగం మంది ఫోన్లు మొగుళ్ల జేబుల్లో ఉంటాయి. హాల్లో మాత్రం పాస్టరుగారు ఎప్పుడో కొన్న డబ్బా టీవీ, డీవీడీ ప్లేయరు ఉన్నాయి.

గల్లీ చివర సెల్‌ఫోన్ల దుకాణం ఎల్లేష్ ఆ వీడియోను ఉన్నదున్నట్టు డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. పన్నెండు మందిలో పెద్దదైన సాయమ్మ బస్సులో వచ్చి పట్టుకుపోయింది. ప్లేయరు దాన్ని కాసేపు గిరగిరా తిప్పి, అసలు డిస్కే లేదన్నట్టు బయటికి తోసేసింది. ఈ కాలంలో డీవీడీలు ఎవరు చూస్తారక్కా, టీవీ మార్చుకొమ్మనమని సలహా పారేశాడు ఎల్లేష్. జాస్మిన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. తన పని తానే చూసుకుంటానంది.

డిజైన్లు చూడటానికి కొనుక్కున్న పాత కంప్యూటర్ ఇంట్లో ఉంది. ఫోన్లో నలుగురు చెప్పింది విన్నాక సంగతి బోధపడింది. ఫైలు ఊరికే ఎక్కిస్తే చాలదు, ఆ పాత ప్లేయరుకు తెలిసిన పద్ధతిలోకి మార్చాలి. ఒకరి కొలతకు కుట్టింది ఇంకొకరికి తొడిగితే పడుతుందా మరి, అనుకుంది. పొద్దున మొదలుపెట్టిన మార్పు శామ్యూల్ వండిన అన్నం చల్లారేదాకా సాగింది. కొత్త డిస్కు కంప్యూటర్లో చక్కగా ఆడింది. సాయమ్మ మళ్లీ వచ్చి తీసుకుపోయింది.

సాయంత్రం ఫోను. "గిది గూడ తిరుగుతాంది గని బొమ్మ వస్తలేదు టీచరమ్మా."

రవీందర్ రావడానికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. జాస్మిన్ గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. కాలు విరిగిననాడు కూడా అంతగా ఏడవలేదు. మర్నాడు మొండికేసి మళ్లీ మొదటికి వచ్చింది. ఈసారి కంప్యూటర్ అడిగే ప్రతి ప్రశ్ననూ కూడబలుక్కుని చదివింది. చిట్టచివర ఒక ప్రశ్న. డిస్కును మూసేయమంటావా, మూస్తే ఇక ఏమీ ఎక్కించలేవు. నిన్న ఆలోచించకుండానే వద్దని నొక్కింది. రేపు ఇంకో పాఠం కూడా అందులోనే పెట్టొచ్చు కదా అని. కిందనే చిన్న అక్షరాల్లో ఉంది, మూయని డిస్కును వేరే ప్లేయర్లు చదవకపోవచ్చని.

ఆవిడ నవ్విన నవ్వుకు శామ్యూల్ గరిటెతో పరిగెత్తుకొచ్చాడు.

"డిస్కుల గూడ గుడ్డ ఇడిసిన" అంది జాస్మిన్.

మూసేయమని నొక్కింది. డిస్కును శామ్యూల్ బస్సులో పట్టుకెళ్లి ఇచ్చొచ్చాడు. ఆ సాయంత్రం హాల్లోంచి సాయమ్మ ఫోను చేసి, దాన్ని టీవీ దగ్గర పెట్టింది. జాస్మిన్‌కు తన గొంతే వినబడింది, కాలరు మూల దగ్గర దారం దాకా కత్తిరించొద్దని చెబుతూ. వెనక పన్నెండు మంది చప్పట్లు. ఆ ఐదు రోజులూ వాళ్లు రిమోటు అరిగిపోయేలా ఆపి ఆపి చూశారు.

రవీందర్ వచ్చిన రోజు జాస్మిన్ ఫోను చెవికి అంటించుకునే కూర్చుంది. పన్నెండు చొక్కాలు, ఇరవై నాలుగు కాలరు మూలలు. అన్నీ వేలితో తడిమి చూసి ఆయన ఒక చొక్కాను తిరగేశాడు. పక్క కుట్ల లోపల ఇంత గుడ్డ ఎందుకు వదిలారని అడిగాడు.

సాయమ్మ తడుముకోలేదు. "పోరగాండ్లు పెరుగుతరు గద సార్. మూసేయాల్సింది డిస్కును, గుడ్డను గాదు. మా టీచరమ్మ నేర్పింది."

డిస్కు సంగతి రవీందర్‌కు ముక్క అర్థం కాలేదు. గుడ్డ సంగతి మాత్రం బాగా అర్థమైంది. పిల్లల తల్లులు ఏటా తనను అడిగేది అదేనని, సోమవారం నుంచే గుడ్డ పంపిస్తానని చెప్పాడు. సూరారంలో, మంచం మీద, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని జాస్మిన్ ఆ మాట విన్నది. విని, ఈసారి గోడవైపు తిరగకుండానే ఏడ్చింది.