బావిలో నేర్పిన ఊపిరి

రాజనర్సుకు నీళ్లంటే భయం లేదు. ఆ భయం లేకపోవడమే కొంప ముంచింది.

ఎడపల్లి చుట్టుపక్కల చెరుకు, వరి వేసే రైతుల బావుల్లో మోటరు పడిపోయినా, పైపు ఊడినా, మేకపిల్ల జారిపడినా అతనికే కబురొచ్చేది. చొక్కా విప్పి గట్టున పడేసి, రొమ్ము నిండా గాలి పీల్చి దిగేవాడు. ఆ నీళ్లలో జానెడు దూరం కూడా కనబడదు. వేళ్లతో తడుముతూ వెతకాలి, దొరికినదానికి తాడు కట్టాలి, అంతసేపూ ఊపిరి బిగబట్టాలి. గట్టు మీదివాళ్లు "ఇగ పోయిండు" అని నెత్తి కొట్టుకునేదాకా పైకి వచ్చేవాడు కాదు. వచ్చాక వాళ్ల ముఖాలు చూసి నవ్వేవాడు. మనిషికి కాస్త పొగరుండేది. దాన్ని దాచుకునేవాడు కూడా కాదు.

కూతురు అంకితను చిన్నప్పుడే నడుముకు బెండు కట్టి బావిలోకి దించాడు. ఈత కన్నా ముందు నేర్పింది ఒకటే మాట. "నీళ్లల్ల ఏం జరిగినా నోరు మూస్కో బిడ్డా. ఊపిరి ఇడిస్తే పోతవ్. బిగవట్టుకోని పైకి రా." పిల్ల బుగ్గలు ఉబ్బించి, పెదవులు గట్టిగా బిగించి మునిగేది. తప్పు చేస్తే మళ్లీ ముంచేవాడు. ఏడ్చినా వదిలేవాడు కాదు. అలా ఆ మాట ఆమె ఒంట్లో ఇంకిపోయింది.

అంకిత ఇప్పుడు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్‌లో పని చేస్తోంది. ఒకరోజు ఇంటికొచ్చి తండ్రికి ఫోన్‌లో వీడియో చూపించింది. అండమాన్ దీవుల దగ్గర సముద్రంలో మునిగి పగడపు దిబ్బలు చూసి రావచ్చట. చవక ప్యాకేజీ.

"బాపు, గిన్నేండ్లు నీళ్లల్ల దిగినవ్. అడుగు ఎట్లుంటదో ఎన్నడన్న కండ్లతోని సూసినవా?"

"కండ్లతోని ఏం సూస్తం బిడ్డా? సేతులతోని సూసుడే."

"అందుకే. ఒక్కసారి సూపిస్త, నడువ్."

తల్లి పుష్పలత వంటింట్లోంచి అరిచింది. "బాయి సాలలేదని సముద్రంల పడ్తరా ఇద్దరు?" అయినా దారిలో తినడానికి సర్వపిండి చేసి కట్టింది.

చవక అంటే చవకే. రైల్లో చెన్నై చేరారు. అక్కడి నుంచి ఓడలో, గాలి ఆడని కింది అంతస్తులో వాంతులు చేసుకుంటూ పోర్ట్‌బ్లెయిర్, మళ్లీ చిన్న ఓడ ఎక్కి దీవికి. నీళ్లలోకి దింపేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో మనిషి తోడుంటే మంచిది. వీళ్ల ప్యాకేజీలో ఇద్దరికీ కలిపి ఒక్కడే. పేరు భానుప్రసాద్. దీవిలోనే పుట్టినా తల్లిదండ్రులది శ్రీకాకుళం కాబట్టి తెలుగు వచ్చు.

"ఒక్కటే గుర్తుపెట్టుకోండి, ఊపిరి బిగబట్టకండి," అన్నాడతను, బొత్తాం నొక్కితే గాలితో ఉబ్బే జాకెట్లు తొడిగి, వీపులకు గాలి సిలిండర్లు కట్టి, ఊపిరి పీల్చే గొట్టాలు నోటికి అందిస్తూ. "అడుగున పీల్చిన గాలి పైకొచ్చే కొద్దీ ఉబ్బుతుంది. వదలకపోతే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. మనిషి పోతాడు."

"మాది బాయి నీళ్ల బతుకు తమ్మీ," అన్నాడు రాజనర్సు. "నాకు జెప్తవా?"

"బావిలో మీరు పైన పీల్చిన గాలితో దిగుతారు బాబూ. ఇది వేరు."

మొలలోతు నీళ్లలో సాధన చేయించాడు. రాజనర్సు తల ముంచగానే ఊపిరి బిగబట్టాడు. భానుప్రసాద్ జబ్బ మీద గిల్లాడు. మళ్లీ బిగబట్టాడు. మళ్లీ గిల్లాడు. అంకితకూ అదే తిప్పలు. చివరికి ఇద్దరూ బుడగలు వదలడం నేర్చుకున్నారు. నేర్చుకున్నామనుకున్నారు.

అడుగుకు దిగాక రాజనర్సుకు మతి పోయింది. ఇసుక కనబడుతోంది. తన కాళ్లు తనకు కనబడుతున్నాయి. మోడుల్లాంటి పగడాల మధ్య పసుపు చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. ఇన్నేళ్లూ గుడ్డివాడిలా తడిమిన లోకం ఇదా అనుకునేసరికి కళ్లద్దం లోపల కన్నీళ్లు వచ్చాయి. ఒక సందులోకి చెయ్యి పెట్టబోతూ దూరం జరిగిపోయాడు. భానుప్రసాద్ అంకితను ఇసుక మీద మోకాళ్ల మీద నిలబెట్టి, కదలొద్దని సైగ చేసి, అతని కోసం వచ్చాడు.

ఆ కాస్త సేపట్లోనే జరిగింది. అంకిత కళ్లద్దంలోకి నీళ్లు చేరాయి. గాభరాలో నోట్లోని గొట్టం జారిపోయింది. చేతికి అందిన బొత్తాం నొక్కేసింది. ఒంటి మీది జాకెట్ గాలితో ఉబ్బి ఆమెను పైకి లాగసాగింది.

రాజనర్సు తల తిప్పి చూశాడు. ఉబ్బిన బుగ్గలు. బిగించిన పెదవులు. ఆ ముఖం అతనికి తెలుసు. దాన్ని తయారు చేసిందే తను.

తను నేర్పిన మాటే ఇప్పుడు బిడ్డను చంపబోతోంది. అరుద్దామంటే నీళ్లు. కాళ్లు కొట్టి ఎగిరి ఆమె చీలమండ పట్టుకున్నాడు. ఆమె తన్నింది. ఆ దెబ్బకు అతని కళ్లద్దం ఊడిపోయింది, అయినా వదల్లేదు. ఇద్దరూ కలిసే పైకి పోతున్నారు, ఆపడం అతని వల్ల కాలేదు. ఆమె ఒంటిని పట్టుకుని ఎగబాకి, నడుము చుట్టూ చేతులు వేశాడు. నీళ్లు మింగినవాళ్లను గట్టుకు తీసి కడుపు నొక్కినట్టు, ఉన్న బలమంతా పెట్టి నొక్కాడు. ఆమె ఇంకా పెదవులు తెరవలేదు. మోచేత్తో అతని మూతి మీద పొడిచింది. అతని నోట్లోని గొట్టమూ ఊడింది. మళ్లీ నొక్కాడు. దేవుడా, ఇడువు బిడ్డా, ఇడువు! మూడోసారికి ఆమె నోరు తెరుచుకుని బుడగలు భళ్లున బయటికొచ్చాయి. పైకి తేలేదాకా పిసుకుతూనే ఉన్నాడు.

నీళ్ల మీదికి వచ్చీరాగానే అంకిత దగ్గుతూ కేకలు పెట్టింది.

"నన్నెందుకు గుంజినవ్ బాపు? పైకి వోతుంటే కాళ్లు వట్టి గుంజుతవా? సంపుతుంటివి గద నన్ను!"

రాజనర్సు జవాబు చెప్పబోయాడు. నోట్లోంచి ఎర్రటి నురగ వచ్చింది.

భానుప్రసాద్ వెనకే తేలాడు. పడవవాడితో కలిసి అతన్ని పైకి లాగి పడుకోబెట్టి, ముఖానికి ఆక్సిజన్ పెట్టాడు. పడవ పోర్ట్‌బ్లెయిర్ వైపు తిరిగింది. అక్కడ ఇలాంటివాళ్లను ఉంచి, గాలి ఒత్తిడి పెంచి వైద్యం చేసే గది ఉందట. చేరేసరికి ఎంత ఆలస్యమవుతుందో అతను చెప్పలేదు.

"అమ్మా, మీరు పైకొచ్చేటప్పుడు ఊపిరి వదిలారా?" అని అడిగాడు.

"నేను ఇడువలే అన్నా. బాపు పిసికితే అదే పోయింది."

"పిసికారు కాబట్టే మీరిలా కూర్చున్నారు," అన్నాడు భానుప్రసాద్ మెల్లగా. తర్వాత రాజనర్సు మీదికి వంగాడు. "మరి మీరు, బాబూ? మీరు వదిలారా?"

రాజనర్సు ఆలోచించాడు. బిడ్డ నోరు తెరిపించే తొందరలో తన నోరు సంగతే గుర్తు లేదు. గొట్టం ఊడగానే నోరు దానంతట అదే మూసుకుపోయింది, ఎప్పటిలాగే. తల అడ్డంగా ఊపాడు.

అంకితకు అర్థమైంది. తండ్రి కుడి చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. ఆ చెయ్యి చచ్చుబడినట్టు బరువుగా జారిపోయింది. "బాపు! నా మాట తప్పు బాపు! నేనే తోల్కొచ్చిన నిన్ను, నేనే..." అంటూ అతని రొమ్ము మీద పడి బావురుమంది.

"ఏడవకండమ్మా, ఆయన కంగారు పడతారు," అన్నాడు భానుప్రసాద్.

రాజనర్సు కంగారు పడలేదు. బిడ్డ పెద్దగా ఏడుస్తోంది. ఆమె వీపు ఎగసి పడుతోంది, గాలి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది, మళ్లీ పోతోంది. ఆమెను ఆపొద్దని, ఏడవనియ్యమని చెప్పాలని మాస్కు కింద నోరు తెరిచాడు. మాట రాలేదు.