కూలి రాయనిదే ప్రకటన లేదు

భిలాయి సెక్టర్ 7 మార్కెట్లో ఇంటర్నెట్ కేఫ్ నడిపిన మావయ్య గత బుధవారం గుండెపోటుతో కన్నుమూశారు. కబురు విని నేను పరుగెత్తుకెళ్ళేసరికే ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. మాకు చుట్టం కాదు, పక్క క్వార్టరు. మా వీధి పిల్లలందరికీ మావయ్యే.

ఉక్కు ప్లాంటులో గడువుకు ముందే రిటైర్మెంటు తీసుకుని కేఫ్ పెట్టారు. దాంతోపాటే ఒక వెబ్‌సైటు. అద్దె గదులు, అమ్మకానికి స్కూటర్లు, జాముల్, భిలాయి-3 వైపు కాంట్రాక్టు పనులు, అన్నీ అందులో తెలుగులోనూ హిందీలోనూ ఉండేవి. ఎక్కించే పని నాది. సైటు ఒక్కటే చూసుకుని పోయేవాళ్ళ దగ్గర కేఫ్ డబ్బులు కూడా తీసుకునేవారు కాదు. సర్వరు అద్దె మాత్రం ఆయన జేబులోంచే పోయేది. ఇంకో ఏడాది కట్టలేను, మూసేయాల్సిందే అని కొన్నేళ్ళ కిందట ఒకరోజు చెప్పారు. లేదంటే ప్రకటనలు వేద్దామన్నారు.

నేను మండిపడ్డాను. చదివిన యూనియన్ కరపత్రాలన్నీ ఏకరువు పెట్టాను. డబ్బిచ్చినవాడు రేపు మనచేత అబద్ధం రాయిస్తాడు, జనం వాడుకునేదాన్ని జనమే నిలబెట్టాలి, చందాలు అడుగుదామన్నాను.

"సరే అల్లుడా, అడుగు. ఎవుడిస్తాడో సూద్దాం," అన్నారు.

సైటులో విన్నపం పెట్టాం. కంప్యూటర్లోంచి డబ్బు పంపడం అప్పట్లో మాలో ఎవరికీ తెలియదు. మంచిపనికి ఇవ్వాలంటే మావాళ్ళకు తెలిసిన చోటు ఒక్కటే. ఆదివారం చర్చిలో కానుక సంచి తిరిగినప్పుడు, కవర్ల మీద సైటు పేరు రాసి అందులో వేసేశారు. కోశాధికారి వాటిని చర్చి పైకప్పు మరమ్మతుకు జమకట్టేశారు. సంచిలో పడ్డది దేవుడిదేనట. నేను గొడవకు బయల్దేరితే మావయ్య చొక్కా పట్టుకుని ఆపారు.

"దేవుడి మీద కూడా స్ట్రైకు సేస్తావేటిరా? కప్పు కారకపోతే కింద కూకునేది మనమే గదా."

ఆ తర్వాత ఆయన పద్ధతే నడిచింది. చదివేవాళ్ళకూ పని వెతుక్కునేవాళ్ళకూ ఉచితం. సరుకు అమ్ముకునేవాడూ, మనుషులు కావాలనేవాడూ డబ్బివ్వాలి. ప్రకటన అయితే ప్రకటన అని పైన రాసుండాలి. పనుల ప్రకటనలో రోజుకూలి ఎంతో చెప్పాలి. ఈ చివరి షరతు విన్నాకే నేను చల్లబడ్డాను.

సర్వరు గడువు దగ్గరపడ్డప్పుడు ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఏడాది ఖర్చంతా తానే ఇస్తానన్నాడు. కూలి మాత్రం రాయొద్దన్నాడు.

"రేట్ ఆద్మీ దేఖ్‌కే బోలేంగే, అంకుల్."

"మనిషిని సూసి సెప్తాడట. ఆకలి సూసి సెప్తానని అనడు," అని మావయ్య నాతో అన్నారు. తర్వాత అతని వైపు తిరిగి, "రేట్ లిఖో భయ్యా. నహీ తో చాయ్ పీకే జావ్," అన్నారు.

అతను రేటు రాయలేదు, టీ తాగి వెళ్ళిపోయాడు. మావయ్య స్కూటరు తీసి దుకాణం దుకాణం తిరిగారు. పచ్చళ్ళమ్మే ఆవిడ, టైపు నేర్పే ఆయన, స్కూటరు మెకానిక్కు తలా కాస్త ఇచ్చారు. సైటు నిలిచింది.

"పెద్దోడొక్కడి మీద ఆనుకుంటే, ఆడు జరిగితే పడిపోతాం. సిన్నోళ్ళు పదిమందుంటే ఒకడు జరిగినా ఏటీ అవ్వదు," అనేవారు.

ప్రకటనలంటే నాకిప్పటికీ ఒళ్ళుమంటే. అయినా ఆయన లెక్కలో తప్పు పట్టలేకపోయాను.

సమాధుల తోటలో అందరూ కదిలాక అదే కాంట్రాక్టరు నా పక్కకొచ్చి, "అబ్ తో తుమ్ దేఖోగే నా?" అన్నాడు. ఇకమీదట సైటు నేనే చూస్తానన్నాను. "రేట్ లిఖోగే?" అని అడిగాను. భుజం తట్టి వెళ్ళిపోయాడు. అతని ప్రకటన రాలేదు.

మర్నాడు అత్తయ్య దగ్గర తాళాలు తీసుకుని కేఫ్ తెరిచాను. తాపీమేస్త్రి ఒకాయన ఇచ్చిన ప్రకటన ఎక్కించాను. మధ్యాహ్నం జాముల్ నుంచి ఒక కూలీ వచ్చాడు. అతనికి చదువు రాదు. కూలి ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. అంకెలు తెలుసు కాబట్టి వేలు తెరకు ఆనించి మెల్లగా చదువుకుని, మేస్త్రి చిరునామా అడిగి వెళ్ళాడు. తెర మీద ఆ అంకె కింద బూడిదరంగు సిమెంటు వేలిగుర్తు పడి ఉంది.