చిల్లకల్లు దాకా వచ్చి ఆగిపోయిన కథ

ఒక మహాయాత్ర గురించి చెప్పబోతున్నాను. అందులో ముప్ఫై ఏళ్ళ నాటి రహస్యం ఉంది, ఆఖరి పేజీలు మాయమైన గ్రంథం ఉంది, దాన్ని సాధించడానికి ఇల్లు విడిచి బయల్దేరిన వీరులు ఇద్దరున్నారు. నిజం చెప్పాలంటే ఆ వీరులు నేనూ, మా పెదనాన్నా. మహాయాత్ర జగ్గయ్యపేట నుంచి నందిగామకు, పల్లెవెలుగు బస్సులో. పొద్దున టిఫిన్ తిని వెళ్ళి, సాయంత్రం కాఫీ వేళకు వచ్చేశాం. దారిలో అడవులూ రాక్షసులూ లేరు, చిల్లకల్లు టోల్‌గేటు తప్ప.

ఆ రోజుల్లో (అంటే మరీ పాతకాలం కాదు, నాలుగేళ్ళ కిందటి మాట) నేను డిగ్రీ పూర్తిచేసి ‘ప్రిపరేషన్’లో ఉన్నాను. చదువు అయిపోయి ఉద్యోగం రాని దశకు మా ఇంట్లో పెట్టిన మర్యాదైన పేరు అది. పొద్దున్నే పోటీ పరీక్షల పుస్తకం తెరిచి, దాని మధ్యలో ఫోను పెట్టుకుని కూచునేవాణ్ణి. మా అమ్మ నేను సినిమాలు చూస్తున్నాననుకునేది. అంతకంటే పనికిరాని పనే చేస్తున్నాను. కాపీరైటు కాలం తీరిపోయిన పాత పుస్తకాలను ఎవరో పుణ్యాత్ములు పేజీ పేజీ ఫొటోలు తీసి నెట్‌లో ఉచితంగా పెట్టారు. వాటిలో పడ్డాను. బందరు నుంచి హైదరాబాదు దాకా పల్లకీలో వెళ్ళిన ఒక దొర రెండువందల పేజీల పొడుగునా ఎండ గురించీ దోమల గురించీ ఫిర్యాదు చేశాడు (పల్లకీ మోసినవాళ్ళు దొర గురించి ఏమని ఫిర్యాదు చేశారో ఎవరూ రాసిపెట్టలేదు). ఇంకో పుస్తకంలో మన గుళ్ళ స్తంభాల మీది బొమ్మలన్నీ అచ్చుగుద్దినట్టు గీశారు, కాకపోతే అందరికీ గీసినాయన ముక్కే వచ్చింది. ఒక చేతిపనుల పుస్తకం చూసి నేను కరక్కాయలతో సిరా కూడా కాశాను. సిరా కుదరలేదు గానీ గిన్నె మాత్రం శాశ్వతంగా నల్లబడింది. “నీకు ఉద్యోగం వచ్చేలోపు ఇంట్లో గిన్నెలు మిగులుతాయంటావా?” అని అమ్మ నిదానంగా అడిగింది. పోటీ పరీక్షల్లో కూడా నన్ను అంత కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు.

మా పెదనాన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో ఆయన్ని ‘రైట్‌రైట్’ అంటారు. ఇప్పటికీ అన్నం తినడం అయ్యాక, పెద్దమ్మ ఇంకో గరిటె వడ్డించబోతే, చెయ్యి అడ్డం పెట్టి “రైట్ రైట్” అంటాడు. పక్క వీధే కాబట్టి రోజూ పేపరు చదవడానికి మా ఇంటికొచ్చేవాడు. ఒకరోజు నా ఫోనులోకి తొంగిచూసి ఏం చదువుతున్నావురా అన్నాడు. పాత పుస్తకాలు పెదనాన్నా, పూర్వం జనం చెప్పుకున్న కథలూ అవీ అన్నాను. ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, లంచం గురించి మాట్లాడేవాడిలాగా అడిగాడు.

“ఒరే, అందులో బుట్టలో నీళ్ళు తెచ్చే కథ ఉందేమో చూడు.”

సంగతేమిటంటే, ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన నందిగామ – జగ్గయ్యపేట బస్సు మీద పనిచేసేటప్పుడు, బుట్టలమ్ముకునే ఒక ముసలావిడ రోజూ మనవరాలిని వెంటబెట్టుకుని నందిగామలో ఎక్కేదట. ఆ పిల్ల పేచీ పెట్టకుండా దారి పొడుగునా కథ చెప్పేదట. బుట్టలల్లే ఒకతను సంతలో నిలబడి, నా బుట్టలో ఆగని వస్తువు లోకంలో లేదని గొప్పలు పోతాడు. ఇంటికొస్తే పెళ్ళాం, అయితే ఏటికెళ్ళి బుట్టతో నీళ్ళు పట్టుకురా, అప్పుడు వంట చేస్తా అంటుంది. అతను సిగ్గుపడి ఊరు విడిచి వెళ్ళిపోతాడు. కొంగనడుగుతాడు, తాబేలునడుగుతాడు, పడవవాణ్ణడుగుతాడు, ఎవరికీ తెలియదు. చివరికి ఏటి ఒడ్డున ఒక గుడ్డి ముసలమ్మ, “చెవి ఇటు పెట్టు నాయనా, చెప్తా” అంటుంది. అతను వంగుతాడు. సరిగ్గా అక్కడికి చిల్లకల్లు వస్తుంది. బుట్టలావిడ దిగిపోతుంది. మర్నాడు మనవరాలు మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంటుంది, మళ్ళీ చెవి దగ్గరికొచ్చేసరికి చిల్లకల్లు.

“మరి ఆవిణ్ణే అడగకపోయావా?”

“యూనిఫాం వేసుకున్న మనిషిని, డ్యూటీలో ఉండి, తర్వాత ఏమైందమ్మా అని అడుగుతానంట్రా? టికెట్ అడగటానికి లేని సిగ్గు కథ అడగటానికి వచ్చిపడింది. రేపు అడుగుదాంలే, ఎల్లుండి అడుగుదాంలే అనుకున్నా. నన్ను తిరువూరు రూటుకి మార్చారు. మళ్ళీ వచ్చేసరికి ఆవిడ లేదు.”

నేను నవ్వబోయాను. ఆయన తన కుడిచెవి పట్టుకుని, “ఇది పోయిందిరా. డాక్టరు రెండోది కూడా ఎన్నాళ్ళో ఉండదన్నాడు. అది కూడా పోయేలోపు వింటే బాగుంటదని” అన్నాడు. నవ్వును దగ్గుగా మార్చుకున్నాను.

అక్కణ్ణుంచి నా ప్రిపరేషన్‌కి మొదటిసారి ఒక సిలబస్ దొరికింది. మూడు వారాలు వెతికాను. చివరికి పాత తెలుగు పుస్తకం ఒకటి కనబడింది, సగం చేతిపనుల గురించి, సగం ఆ పనివాళ్ళు చెప్పుకునే కథలు. అందులో బుట్టల అధ్యాయం చివర ఆ కథ ఉంది. సంత, పెళ్ళాం, కొంగ, తాబేలు, పడవవాడు, అందరూ వరసగా హాజరయ్యారు. పేజీ అడుగున ‘ముసలమ్మ అతని చెవి దగ్గర నోరుపెట్టి’ అని ఉంది. తర్వాతి పేజీ లేదు. ఆ పుస్తకాన్ని ఫొటోలు తీసేనాటికే చివరి ఎనిమిది పేజీలూ ఊడిపోయాయట. నెట్ మొత్తం మీద ఆ కథ దొరికిన ఒకే ఒక్క చోట కూడా అది సరిగ్గా చిల్లకల్లులోనే దిగిపోయింది.

ఆ నిజం ఆయనకు చెప్పడానికి మనసొప్పలేదు. నేనే ఒక ముగింపు అల్లి, ఫోనులో చదువుతున్నట్టు నటించి, ఎడమచెవి దగ్గర వినిపించాను. ముసలమ్మ ఏదో మంత్రం చెప్పిందనీ, ఏటి నీళ్ళు గడ్డకట్టాయనీ. ఆయన పూర్తిగా విని, “ఇది పుస్తకంలోది కాదు, నీది” అన్నాడు. ఎలా తెలుసన్నాను. “ముప్ఫై ఏళ్ళు టికెట్ లేనోళ్ళ మొహాలు చూశాన్రా నేను” అన్నాడు.

అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నందిగామలో ఒక తెలుగు మాస్టారున్నారనీ, అక్కడి పాత లైబ్రరీ మూతబడినప్పుడు పుస్తకాలన్నీ ఆయనే మూటలు కట్టి బస్సులో ఇంటికి తీసుకెళ్ళారనీ అన్నాడు. (“ఆ మూటలకి లగేజీ టికెట్ కొట్టింది నేనే. నాలుగు మూటలు.” అందులో పశ్చాత్తాపమేమీ లేదు, రూలు రూలే.) ఫోను చేస్తే మాస్టారు తన జాబితా తిరగేసి, “ఉంది. నలభై ఏడో నంబరు. రండి” అన్నారు. అదీ మా మహాయాత్రకు కారణం. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్ళిచూపులకి కూడా అంత శ్రద్ధగా తల దువ్వుకుని ఉండడు.

మాస్టారు బీరువా తెరిచి నలభై ఏడో నంబరు తీశారు. అట్ట ఉంది, అట్ట మీద నంబరుంది. మధ్యలో పుస్తకం లేదు. మాస్టారు అట్ట వైపు చూశారు, తర్వాత వంటింటి వైపు చూశారు.

“ఏమోయ్, ఇందులో పుస్తకం ఏది?”

“ఏది, ఎలకలు కొట్టినదా? ఎప్పుడో బుట్టకి అంటించా కదండీ” అంది మాస్టారి భార్య లోపలినుంచే.

మన ఇళ్ళల్లో తెలియంది కాదు. బుట్టల సందుల్లోంచి గింజలు కారకుండా మెంతులు నానబెట్టి రుబ్బి, కాగితం గుజ్జు కలిపి మెత్తుతారు, పైన కాగితం ముక్కలు వరసగా అతికిస్తారు. ఆవిడ ఆ బుట్ట తెచ్చి మా మధ్య పెట్టింది. లోపలా బయటా అచ్చు అక్షరాలే. బుట్టల కథ పోయి బుట్టకే అంటుకుంది. (ఇలాంటిది కథలో రాస్తే అతికించినట్టుందంటారు. నిజంగానే అతికించారు, నేనేం చేయను.)

“నలభై ఏళ్ళు పిల్లలకి పుస్తకం విలువ చెప్పా. ఇంట్లో చెప్పడం మర్చిపోయా” అన్నారు మాస్టారు.

“బీరువాలో ఉన్నవన్నీ చెదలు తిన్నాయి. నేను అంటించింది కాబట్టి ఇదొక్కటీ మిగిలింది. మెంతి చేదుకి పురుగు రాదు” అందావిడ. బీరువాలోకి చూస్తే ఆవిడ మాటే నెగ్గేలా ఉంది.

మేం ముగ్గురం బుట్ట చుట్టూ చేరాం. పెదనాన్న దాన్ని తిప్పుతున్నాడు, నేను చదువుతున్నాను, పాత అక్షరాల దగ్గర మాస్టారు నన్ను సరిదిద్దుతున్నారు. అడుగున తలకిందులుగా కొంగ దొరికింది. అంచు దగ్గర పడవవాడు సగం దొరికాడు. లోపలివైపు చూస్తే ‘చెవి దగ్గర నోరుపెట్టి ఇట్లనెను’ అని స్పష్టంగా ఉంది. దాని తర్వాతి వరస మీద ఎవరిదో శుభలేఖ ముక్క అతికించి ఉంది, ‘బంధుమిత్ర సపరివార సమేతంగా’ వరకు. ముగింపు దాని కింద ఉంది.

పెదనాన్న బొటనవేలి గోరు శుభలేఖ అంచు మీద పెట్టాడు. ముప్ఫై ఏళ్ళకీ ఆయనకీ మధ్య అంత పల్చటి కాగితం.

“గిల్లకండి అన్నయ్యగారూ, పెచ్చు లేస్తే మొత్తం ఊడొస్తది. రేపు అందులో కందులు పోయాలి.”

ఆయన గోరు తీసేశాడు. వేరేవాళ్ళ బుట్ట కదా. ఇంతకీ ఏం వెతుకుతున్నారని ఆవిడ అడిగితే, ఆయనే కథంతా చెప్పాడు, సంత నుంచి చెవి దాకా. నాకు చెప్పినప్పటికంటే బాగా చెప్పాడు, కొంగ గొంతుతో సహా. ఆవిడ విని, ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది.

“బుట్టలో నీళ్ళెట్లా ఆగుతాయనా? ఇదిగో, ఇట్లాగే. మెంతిపిండి, కాగితం. అప్పట్లో కాగితం లేకపోతే పాతగుడ్డ. ఆ ముసలమ్మ మాత్రం ఇంకేం చెప్తది?”

పెదనాన్న ఒక గ్లాసు నీళ్ళు పోసి చూడొచ్చా అని అడిగాడు. నానిపోద్ది అంటూనే ఆవిడ తెచ్చిచ్చింది, అంత ఆశగా అడిగితే ఎవరైనా ఇస్తారు. ఆయన మెల్లగా పోశాడు. నీళ్ళు నిలిచాయి. కింద అక్షరాలు కాస్త పెద్దవిగా కనిపించాయి. ఆయన లోపల లెక్కపెడుతున్నాడని పెదాలు చూస్తే తెలిసింది. పన్నెండు దగ్గర అడుగున ఒక చుక్క పుట్టి, ఆగి, రాలింది. ఆవిడ బుట్ట లాక్కుని ఎండలో బోర్లించింది. “ఇంతేనా” అన్నాడాయన, ఎవరితోనూ కాదు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా ఉంది. పెదనాన్న అంబారుపేట దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూచున్నాడు. ముగింపు దొరక్కపోయినా బాగుండేదేమో, అనవసరంగా వెతికిపెట్టానేమో అనుకున్నాను. అప్పుడు కండక్టరమ్మాయి టికెట్లు కొట్టడం అయిపోయి మా ముందు సీట్లో కూలబడి, కాళ్ళు నొప్పులంది. ఈయన తన సర్వీసు గురించి చెప్పాడు. మాటల్లో మాటగా, “ఈ రూట్లో ఒకావిడ కథ చెప్పేది తల్లీ” అని మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి చెయ్యి గడ్డం కింద పెట్టుకుంది. సంత అయింది, పెళ్ళాం అయింది, కొంగ అరిచింది (డ్రైవరు అద్దంలోంచి చూశాడు), ఏటి ఒడ్డు వచ్చింది. “చెవి ఇటు పెట్టు నాయనా, చెప్తా” అంది ముసలమ్మ. పెదనాన్న కిటికీలోంచి బయటికి చూసి, లేచి నిలబడ్డాడు.

“చిల్లకల్లు. దిగాలి.”

“మీ టికెట్ జగ్గయ్యపేట దాకా ఉంది కదా బాబాయ్‌గారూ?”

“పనుందమ్మా.”

“మరి ఆ ముసలమ్మ ఏం చెప్పింది?”

“మళ్ళీ ఎక్కినప్పుడు చెప్తా” అని, కింద నిలబడి బస్సు ఒంటిమీద రెండుసార్లు తట్టి, “రైట్ రైట్” అన్నాడు. ఉద్యోగంలో ఉండగా కూడా ఆయన మొహం అంత వెలిగి ఉంటుందనుకోను.

ఇప్పుడు నాకు కంచికచర్లలో ఉద్యోగం. వారానికోసారి ఆ బస్సే ఎక్కుతాను. పెదనాన్న చెవికి మెషిన్ వచ్చింది, బ్యాటరీ అయిపోతుందని దాన్ని పెట్టెలో దాచి ఉంచుతాడు. ఆ కండక్టరమ్మాయి ఇప్పటికీ నన్ను చూసి, బాబాయ్‌గారు మళ్ళీ ఎక్కలేదేంటండీ అంటుంది. మెంతిపిండి అని ఒక్క మాట చెబితే అయిపోతుంది. నాలుగేళ్ళ కిందటి నేనైతే అడక్కముందే చెప్పేసి, పైగా ఒక జోకు కూడా వేసేవాణ్ణి. ఇప్పుడు మాత్రం “ఎక్కుతారండి” అని టికెట్ తీసుకుంటున్నాను.

ఆ రోజు మేం దిగిన బస్సు మా వీధి మలుపు మీదుగానే వెళుతుంది. చిల్లకల్లు అడ్డరోడ్డులో షేర్ ఆటో తొమ్మిదిమంది నిండితే గానీ కదలదు. మేం ఇద్దరమే ఉన్నాం.