ఇటలీ కోట తోటలో ఓబులరెడ్డన్న

మొన్న మధ్యాహ్నం మా కోడలు మజ్జిగలో నిమ్మాకు నలిపి వేసి ఇచ్చింది. గ్లాసు నోటి దాకా రాకముందే ఆ వాసన తగిలింది. నిమ్మపండు వాసన వేరు, ఆకు వాసన వేరు. ఆకులో కొంచెం చేదు, కొంచెం పచ్చి, ఎండలో తడిసిన కొమ్మ వాసన ఉంటాయి. నేను గ్లాసు పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. "ఏంది మామా, పులుపెక్కిందా?" అని అడిగింది మా కోడలు. బాగుందన్నాను. నిజానికి ఆ కాసేపు నేను మార్కాపురంలో లేను. ఇటలీలో ఒక కొండవాలు మీద, పాతకాలపు కోట తోటలో ఉన్నాను. పక్కన ఓబులరెడ్డన్న నిమ్మాకు తుంచి, నలిపి, నా ముక్కు దగ్గర పెట్టి, "చూడు రంగా, అదే వాసన! దేశం మారినా దీనికి వాసన మారలే" అంటున్నారు.

ఆయన్ను ఎరగని వాళ్ళకు కొంచెం చెప్పాలి. మార్కాపురం శివార్లలో ఆయనకు పలకరాయి కోసే ఫ్యాక్టరీ ఉండేది. బడిపిల్లల పలకల కాలం పోయాక అదే రాయిని నేలకు, గోడలకు పరిచే బిళ్ళలుగా కోయించి బయటి దేశాలకు పంపేవారు. నేను అక్కడ గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. పనిలో ఆయన కొండంత మనిషి. రంపం మిషను దగ్గర బెల్టు తెగి పనివాళ్ళంతా పక్కకు పరిగెడితే, ఆయన ఎదురుపోయి కరెంటు ఆపేసిన రోజు నాకింకా గుర్తుంది. అటువంటి మనిషికి ఒక బలహీనత ఉండేది. దేనినైనా వదులుకోవలసి వస్తే అక్కడ నిలబడలేరు. మేము మొదట రాయి తోలిన లారీ పాతబడి అమ్మేసినప్పుడు, "అన్నా, బండి తీసకపోయేటోళ్ళు వచ్చినారు" అని చెప్పాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచారు. "నువ్వు చూసుకో రంగా. నాకు గిద్దలూర్లో పనుండాది" అన్నారు. గిద్దలూరులో ఆయనకు ఏ పనీ లేదని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. సాయంత్రం తిరిగొచ్చి, లారీ నిలబడే చోటు వైపు చూడకుండా ఆఫీసులోకి వెళ్ళిపోయారు.

ఆయన సొంతూరు కొనకనమిట్ల వైపు. అక్కడ వాళ్ళ నాయన పెట్టిన నిమ్మతోట ఉండేది. ఫ్యాక్టరీ ఎంత పెరిగినా ఆదివారం వస్తే ఆయన తోటలోనే. నన్నూ వెంట తీసుకుపోయేవారు. చెట్టు చెట్టుకూ పాది సరిచేస్తూ, "ఇది మా నాయన కావిడితో నీళ్ళు మోసి బతికించిన చెట్టు" అని ఏదో ఒక చెట్టును చూపించేవారు. ప్రతిసారీ వేరే చెట్టును చూపించేవారు. తర్వాత కరువులొచ్చాయి. మా వైపు బోరు వేయడమంటే నేలను బతిమాలుకోవడమే. వేసిన బోర్లు ఒకదాని తర్వాత ఒకటి దుమ్ము కక్కాయి. ట్యాంకర్లతో కొన్నాళ్ళు పోశారు. కొమ్మలు చివరి నుంచి ఎండుతూ వచ్చాయి. చుట్టుపక్కల తోటలన్నీ అప్పటికే కట్టెల వ్యాపారులకు పోయాయి. తోట కొట్టించే విషయంలో మా ప్రాంతంలో ఒక ఆచారం ఉంది. ఆ రోజు తోట గలాయన ఊళ్ళో ఉండడు. అత్తగారి ఊరికో, తిరునాళ్ళకో పోతాడు. మొదళ్ళు కూడా పెకలించి నేల చదును చేశాక కబురు పెడితే అప్పుడొస్తాడు. గొడ్డలి చప్పుడు పెంచినవాడి చెవిన పడకూడదంటారు.

మా దగ్గర రాయి కొనే ఇటలీ వ్యాపారి ఒకాయన, వచ్చి తన గోడౌను చూడమని ఏళ్ళ తరబడి పిలుస్తుండేవాడు. ఓబులరెడ్డన్న నవ్వి, "ఆడికి పోయి నేనేం జెయ్యాల? రాయి ఈడనే ఉండాది గదా" అని తోసేసేవారు. తోట ఎండుతూ వచ్చిన ఆ ఏడు మాత్రం ఉన్నట్టుండి "పోదాం రంగా, నీకు ఇంగ్లీషు వచ్చు గదా" అన్నారు. నాకు ఆశ్చర్యమేసినా కారణం అడగలేదు. ఆయన భార్య సుబ్బమ్మ వదిన గోంగూర పచ్చడి డబ్బా నా సంచిలో పెడుతూ, "మీ అన్న ఈసారి గిద్దలూరు కంటే దూరం పోతాండాడు" అంది. ఆమె నవ్వుతూ అంది కాబట్టి నేనూ నవ్వాను. ఆ మాట అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

గోడౌను పని ముగిసిన మర్నాడు వ్యాపారి తన ఆఫీసులో పనిచేసే మరియా అనే అమ్మాయిని మాకు తోడిచ్చి, దగ్గర్లోని కోట చూసి రమ్మన్నాడు. కోట అంటే నా కళ్ళకు కూలిన బురుజులు, ముళ్ళకంపలు. ఇది అట్లా లేదు. కొండను మెట్లు మెట్లుగా చెక్కి, మెట్టుకొక తోట పెట్టారు. గుబురు పొదలను గోడల్లాగా కత్తిరించారు. నడుమ రాతి మెట్ల పక్కగా ఒక కాలువ పైనుంచి కిందికి దూకుతోంది. ప్రతి మెట్టు దగ్గరా రాతి సింహాల నోట్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఎప్పుడో ఒక జమీందారు తన అతిథులను సంతోషపెట్టడానికి కట్టించాడని మరియా చెప్పింది. పొద్దున్నే కాబట్టి చూసేవాళ్ళు ఎవరూ లేరు. నేను ఆమె చెప్పేది రోజూ రాసుకునే నా డైరీ కోసం గుర్తు పెట్టుకునే పనిలో ఉన్నాను. ఇంతలో చప్పుడు తగ్గింది. పై సింహం నోరు మూసింది. దాని కింది సింహం, ఆ కిందిది, వరసగా అన్నీ ఆగిపోయాయి. కొండంతా నిశ్శబ్దం. వెనక్కి తిరిగి చూస్తే ఓబులరెడ్డన్న గోడ పక్కనున్న ఇనప వాల్వును చివరి మర దాకా బిగించి చేతులు తుడుచుకుంటున్నారు.

"అన్నా! ఏం జేసినావన్నా?" అన్నాను.

"ఎవురూ లేరు, నీళ్ళు ఊరికే పోతాండాయి. కట్టేసినా. చూసుకునేటోడు యాడ పండుకున్నాడో!"

చూసుకునేవాడు పండుకోలేదు. తెల్లమీసాల ముసలి తోటమాలి ఒకాయన పొద వెనక నుంచి చేతులూపుతూ, అరుస్తూ వచ్చాడు. మరియా మొహం ఎర్రబడింది. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో, మా ఊళ్ళో నీళ్ళు ట్యాంకరులో వస్తాయనీ, ఎక్కడ కుళాయి కారుతున్నా కట్టేయడం మాకు అలవాటనీ చెప్పాను. మరియా దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది. ముసలాయన చేతులు దించాడు. ఓబులరెడ్డన్నను పైనుంచి కిందికి చూశాడు. ఆయన అరచేతిని పట్టుకుని తిప్పి చూసి, ఏదో అన్నాడు. "మీరు తోట గలవాళ్ళా అని అడుగుతున్నాడు" అంది మరియా. కొండ మీద ఊటలున్నాయట. ఈ నీళ్ళు ఇక్కడ షోకులు చేసుకుని కిందికి దిగి పొలాలకు పోతాయట. ఒక్క చుక్క కూడా వృథా కాదట. అది విన్నాక మా అన్న, "అట్లనా! అయితే తప్పు నాదే. తిప్పమను" అన్నారు. ముసలాయన తిప్పలేదు. మీరే తిప్పండన్నట్టు వాల్వు చూపించాడు. ఓబులరెడ్డన్న వాల్వు తిప్పి, నీళ్ళు ఒక్కో మెట్టే దిగుతూ ఒక్కో సింహం నోరు తెరిపిస్తుంటే, నోరు తెరిచి చూస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత ముసలాయన మమ్మల్ని పై మెట్టు మీది నిమ్మచెట్ల దగ్గరికి తీసుకుపోయాడు. మనిషి నడుము ఎత్తు మట్టికుండీల్లో వరసగా నిమ్మచెట్లు. చలికాలంలో మంచు పడితే చచ్చిపోతాయని, కుండీలతో సహా పెద్ద కిటికీల కొట్టంలోకి మోసుకుపోయి, ఎండ రాగానే మళ్ళీ బయటికి తెస్తారట. ఓబులరెడ్డన్న ఆకు నలిపి నాకు వాసన చూపించింది అక్కడే. ఒక కుండీలో చెట్టు పూర్తిగా ఎండి ఉంది. కొట్టంలోకి చేర్చేలోపే మంచు తగిలిందట. ముసలాయన ఇద్దరు పనివాళ్ళను దూరంగా నిలబెట్టి, తనే మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళ చుట్టూ మట్టి తీయడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో ఆయాసం వచ్చి ఆగాడు కూడా.

"ఇంత వయసులో ఎందుకు? కూలోళ్ళు ఉండారు గదా, తీసేసినాక వచ్చి చూసుకోవచ్చు గదా. అడుగమ్మా" అన్నారు మా అన్న.

మరియా అడిగింది. ముసలాయన తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. "ఇన్నాళ్ళూ నీళ్ళు నేను పోశాను. ఇప్పుడు దీన్ని పరాయివాళ్ళ చేతుల్లో పెట్టి నేనెక్కడికి పోవాలి?"

 ఓబులరెడ్డన్న వెళ్ళి ఆయనకు ఎదురుగా కూర్చుని, తనూ మట్టి తీశారు. ఇద్దరూ కలిసి చెట్టును బయటికి లాగారు.

హోటలుకు వచ్చాక ఆయన భోజనానికి లేవలేదు. కాసేపటికి, "రంగా, ఫోన్ కలుపు. కట్టెల మస్తానుకు" అన్నారు. అప్పుడు తెలిసింది నాకు. తోటను మస్తానుకు ఇచ్చేశారు. మేము ఇటలీలో ఉన్న రోజుల్లోనే కొట్టించి, చదును చేయించమని చెప్పి వచ్చారు. గిద్దలూరు సరిపోదని ఇంత దూరం వచ్చారు. ఫోను చాలాసేపు కలవలేదు. ఆయన మంచం అంచున కూర్చుని నా చేతినే చూస్తున్నారు. కలిశాక మస్తాను గొంతు బయటికి కూడా వినిపించింది.

"ఇయ్యాల పొద్దున్నే మొదులుపెట్టినాం అన్నా. గట్టు పక్క వరస అయిపోయింది."

"ఆపు. నేనొచ్చిందాకా ఆపు."

"మళ్ళా మనసు మారిందా ఏంది?"

"మారలే. కొట్టాల్సిందే. నేనుండాల."

"మొగోళ్ళెవురూ అట్ల ఉండరన్నా" అన్నాడు మస్తాను. "నేనుంటా" అని ఫోను నా చేతికి ఇచ్చేశారు.

ఊరికి తిరిగొచ్చిన మూడో రోజున తోటకు పోయాం. గట్టు పక్క వరసలో మొదళ్ళు మాత్రమే ఉన్నాయి. అది చూసి ఓబులరెడ్డన్న గట్టు మీద కూలబడిపోయారు. నేను ఇంటికి పోదామన్నాను. తల అడ్డంగా ఊపి లేచారు. మొదటి చెట్టు పడినప్పుడు కళ్ళు మూసుకున్నారు. రెండోదానికి మూసుకోలేదు. తర్వాత ప్రతి చెట్టు దగ్గరికీ వెళ్ళి, మిగిలిన కాయలుంటే కోసి కూలీల ఒళ్ళో వేసి, పక్కకు జరిగి నిలబడ్డారు. ఎండ నెత్తికెక్కింది. మస్తాను ఉండబట్టలేక, "ఏందన్నా, పెళ్ళి పందిట్లో నిలబడినట్టు నిలబడినావు. నీడకు పోరాదా?" అన్నాడు.

"పెళ్ళికైతే పోకపోయినా ఏమనుకోరురా" అన్నారు ఓబులరెడ్డన్న. "దీనికి ఉండాల."

కూలీలు నవ్వలేదు. ఆ తర్వాత వాళ్ళు గొడ్డలి ఎత్తే ముందు ఆయన వైపు ఒకసారి చూసి, ఆయన తల ఊపాక వేశారు. పొద్దుగూకే దాకా నేను ఆయన పక్కనే ఉన్నాను. నాకు ఆ రోజు చేయడానికి పనేమీ లేదు. డైరీలో "తోట దగ్గర ఉన్నాను" అని మాత్రం రాసుకున్నాను. నలభై ఏళ్ళు అన్నీ వివరంగా రాసిన నాకు అంతకంటే రాయబుద్ధి కాలేదు.

తర్వాతి ఏళ్ళలో ఆయన గిద్దలూరు ప్రయాణాలు ఆగిపోయాయి. ఫ్యాక్టరీలో సగం షెడ్డు మూయవలసి వచ్చినప్పుడు గేటు దగ్గర తనే నిలబడి, పని పోయిన ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచి మాట్లాడి పంపారు. ఇద్దరు తిట్టారు. తిట్టించుకున్నారు. ఆయన చివరి రోజుల్లో ఆసుపత్రి గది బయట కూర్చోబోయి ఆగాను. సుబ్బమ్మ వదిన పిలవకపోయినా నేనే లోపలికి పోయాను. ఆయన దగ్గర అన్నేళ్ళు పనిచేసి వ్యాపారం ఎంత నేర్చుకున్నానో చెప్పలేను గానీ, ఆ లోపలికి పోవడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పోయిన నెల పెద్దారవీడు నుంచి ఎల్లయ్య ఫోన్ చేశాడు. ఒకప్పుడు మా ఫ్యాక్టరీలో కాపలా చేసి, తర్వాత గొర్రెలు పెట్టుకున్నవాడు. మోకాళ్ళు అరిగి అడవెంట తిరిగి మేపలేక మందనంతా అమ్మేశాడు. లారీ వచ్చే రోజు బిడ్డ ఇంటికి పోయి ఉండమని ఇంట్లో అంటున్నారట. "నువ్వు ఓబులరెడ్డన్న తోట కాడ ఉండినావంట గదా సారూ, ఒకసారి వస్తావా?" అన్నాడు. తొలి బస్సుకే పోయాను. గొర్రెలను ఒక్కొక్కటే లారీలోకి ఎక్కిస్తుంటే అవి ఎల్లయ్య వైపు తిరిగి అరుస్తున్నాయి. ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇప్పుడేం జెయ్యాల సారూ?" అన్నాడు.

"ఏం జెయ్యాల్సిన పన్లే ఎల్లయ్యా. నీ గొంతు వాటికి తెలుసు. ఎక్కిందాకా పిలుస్తా ఉండు."

ఎల్లయ్య గొంతు సవరించుకుని, రోజూ మేతకు తోలేటప్పుడు పిలిచినట్టే పిలవడం మొదలుపెట్టాడు. గొర్రెలు అరవడం మాని, ఒకదాని వెనక ఒకటి పైకెక్కాయి.