నాగపూర్ ఆవిడకు నేను అమ్మిన చీర

మొన్న ఎయిర్‌పోర్టుకు వెళ్తుంటే ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో క్యాబ్ ఆగిపోయినప్పుడు ఒళ్ళో ఉన్న సంచిలోంచి గంజి వాసన వచ్చింది. పుణెలో ఉన్న స్నేహితురాలి కోసం పట్టుకెళ్తున్న పోచంపల్లి నూలు చీర అది. అద్దాలు మూసి ఉండడంతో బండంతా అదే వాసన. కాస్త పులుపు, కాస్త ఎండ కలిసినట్టుండే ఆ వాసన కొత్త చేనేత బట్టకు తప్ప దేనికీ ఉండదు. డ్రైవరు "ఏంది మేడం, గంజి వాసనొస్తున్నది" అని నవ్వాడు. పదిహేనేళ్ళ కిందట నేను రోజంతా పీల్చిన గాలి అదే. అంజమ్మక్క కొట్టులోని గాలి.

ఆ కొట్టు శంషాబాద్‌లో పాత రోడ్డు మీద, పంచర్ల షాపుకూ టీ కొట్టుకూ మధ్య ఉండేది. విమానం ఎక్కబోయేవాళ్ళు దారిలో ఆగి, ఇంటికేదైనా పట్టుకెళ్దామని లోపలికి వచ్చేవారు. నిర్మల్ బొమ్మలు, చేర్యాల మాస్కులు, ఇత్తడి గంటలు, లక్క గాజులు ఉండేవి. వెనక గోడ పొడుగునా చీరలే. మాది తెనాలి. నాన్నకు శంషాబాద్ గోడౌన్లలో ఉద్యోగం దొరికితే అక్కడికి వచ్చాం. డిగ్రీ పూర్తయి ఊరికే కూర్చున్న నన్ను నాన్నే ఆ కొట్టులో పనికి చేర్చారు. మొదటిరోజు "నమస్కారం అంజమ్మ గారూ" అన్నాను. యాభై ఏళ్ళ ఆ మనిషి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను ఎగాదిగా చూసి, "గారు గీరు ఏంది బిడ్డా? అక్కా అను సాలు" అంది. ఆమె పోచంపల్లి వైపు నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టి తుక్కుగూడకు కోడలిగా వచ్చింది.

వచ్చినవాళ్ళకు ఆమె ముందుగా ఏ వస్తువూ చూపించేది కాదు. "ఎవరికి?" అని అడిగేది. "ఎవరికో తెల్వకుంట ఏం సూపెట్టాలె నేను?" గడియారం చూసుకుంటూ హడావుడిగా వచ్చినవాళ్ళు కూడా ఆ ప్రశ్నకు ఒక్క నిమిషం ఆగిపోయేవారు. చెల్లెలికి అనో, నన్ను చదివించిన మేనత్తకు అనో మొదలుపెట్టి, ఆ మనిషి ఎలా ఉంటుందో, ఏం తింటుందో కూడా చెప్పేసేవారు. అప్పుడుగానీ అంజమ్మక్క స్టూలు మీంచి లేచేది కాదు.

ఒకసారి ఒక ఇంజనీరు చిన్న లోహపు చార్మినార్ ఎంచుకున్నాడు. ఢిల్లీలో తన మేనేజరుకట. "గిది హైదరాబాద్ల చెయ్యలే సార్. ఎక్కడనో అచ్చుల పోసి పంపిన్రు. నచ్చితే కొనుండ్రి. గానీ గీడ చేసిన్రని ఆయనకు చెప్పకుండ్రి" అంది. అతను బిత్తరపోయి, తర్వాత నవ్వి, అదే కొనుక్కుని వెళ్ళాడు. అతను వెళ్ళాక ఉండబట్టలేక అడిగాను.

"అలా చెప్పేస్తే ఎవరు కొంటారక్కా?"

"కొన్నడు గదా?" అంది.

నాకది వ్యాపారం తెలియని అమాయకత్వంలా తోచింది. ఆ ఆలోచనే తర్వాత నాచేత ఒక తప్పు చేయించిందేమో.

తక్కువ ధరలో కావాలన్నవాళ్ళ కోసం దారాలకే ముందు రంగులద్ది నేసే ఇక్కత్‌లా కనిపించే ప్రింటు చీరలు కొన్ని ఒక అరలో విడిగా ఉండేవి. ప్రింటు అని చెప్పే అమ్మాలని అక్క నియమం. ఒక మధ్యాహ్నం ఆమె షుగర్ పరీక్షకు దవాఖానకు వెళ్ళినప్పుడు నాగపూర్ నుంచి వచ్చిన ఒకావిడ కొట్టులోకి వచ్చింది. బయట టాక్సీ ఆగి ఉంది. నేనూ అక్కలాగే "ఎవరికండీ?" అని హిందీలో అడిగాను. ఆవిడ ముఖం మెత్తబడింది. "మా అత్తగారికి. రెండేళ్ళ నుంచి చూపు లేదు. చీర చేతిలోకి తీసుకుని తడిమి, నేత ఎలాంటిదో చెప్తుంది. రంగు మాత్రం నన్ను అడుగుతుంది. మెరూన్ అంటే ఆమెకు ప్రాణం" అంది.

మెరూన్ చేనేత చీర లోపలి బీరువాలో ఉంది. తాళంచెవి అక్క నడుముకు ఉంది. ప్రింట్లలో మాత్రం అచ్చం అలాంటి మెరూన్ ఉంది. అక్క వచ్చేసరికి ఒంటరిగా ఒక మంచి బేరం చేశానని చెప్పుకోవాలన్న తహతహ నాది. చీర తీసి చూపించాను. "హ్యాండ్‌లూమేనా?" అని ఆవిడ అడిగింది. "అవును" అన్నాను. ఎంత తడిమినా, చూపులేని పెద్దావిడకు ఏం తెలుస్తుందిలే అని ఆ క్షణంలో అనుకున్నాను కూడా. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆవిడ చేనేత ధరే ఇచ్చి కొనుక్కుని ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయింది. అక్క రాగానే గొప్పగా చెప్పాను. ఆమె ప్రింటు చీరల అర వైపు చూసింది.

"గది ప్రింటు గదా. చెప్పినవా?"

అడ్డంగా తలూపాను.

"ఎవరికంట?"

చెప్పాను. అక్క తిట్టలేదు. నడుముకున్న తాళంచెవి తీసింది. తర్వాత బీరువా తెరిచి మెరూన్ చీర తీసి కాగితంలో చుట్టింది. "నడువు" అంది.

"ఎక్కడికక్కా?"

"ఎయిర్‌పోర్టుకు."

"ఈపాటికి లోపలికి వెళ్ళిపోయుంటారక్కా."

"పోయిందో లేదో పోతెనే గదా తెల్సేది. జర జల్ది నడువు."

షట్టర్ దించి, పక్కన టీ తాగుతున్న క్యాబ్ డ్రైవర్ మల్లేశన్నను బతిమాలి బండెక్కింది. దారి పొడుగునా పసిపిల్లను పట్టుకున్నట్టు చీర పొట్లాన్ని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. ఆవిడ వెళ్ళిపోయి ఉంటే బాగుండునని నేను మనసులో దణ్ణాలు పెట్టుకున్నాను.

ఆవిడ వెళ్ళలేదు. ప్రయాణికులు లోపలికి వెళ్ళే తలుపుల దగ్గర, ట్రాలీ పక్కన ఒంగి బ్యాగు జిప్పు సరిచేసుకుంటోంది. అక్క నా చేతిలో పొట్లం పెట్టి, "నువ్వే చెప్పు" అని స్తంభం దగ్గర ఆగిపోయింది. వచ్చీరాని హిందీలో చెప్పాను. అది మగ్గం మీద నేసింది కాదని, అబద్ధం చెప్పానని, ఇది అసలుదని. ఆవిడ జిప్పు వదిలి నిటారుగా నిలబడింది. కోపంగా అరిచినా బాగుండేది. మెల్లగా అడిగింది.

"ఆమెకు కళ్ళు కనిపించవని చెప్పాను. అందుకేనా?"

కాదనడానికి నోటిదాకా పది మాటలు వచ్చాయి. తాళంచెవి లేదని చెప్పొచ్చు. పొరపాటున జరిగిందని చెప్పొచ్చు. వెనక అక్క ఉంది.

"అవునండీ" అన్నాను.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అక్క ముందుకొచ్చింది. అసలు చీర విప్పి రెండువైపులా తిప్పి, ముందూ వెనకా రంగు ఒక్కలా ఉండడం చూపించింది. తన ఉర్దూలో చెప్పింది, "ఇది నేసినామె పేరు సత్తెమ్మ. మీ అత్తమ్మకు పేరు కూడా చెప్పుండ్రి." ఆవిడ "సత్తెమ్మ, సత్తెమ్మ" అని రెండుసార్లు పలికి చూసుకుంది. ప్రింటు చీర తిరిగి ఇచ్చి, అక్క చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కింది. నావైపు చూడకుండా ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో ఏడుపు ఆగలేదు. అక్క నా తల తన భుజానికి ఆనించుకుంది. "అడిగినప్పుడు అవునన్నవు సూడు, గది సాలు బిడ్డా. నీ యీడుల నేనైతే అనకపోతుంటి" అంది. కాసేపయ్యాక తనే మళ్ళీ చెప్పింది. "మా అమ్మ నేసిన చీరలు ఒక దుకాణమాయన తీస్కపోయి ఏదో పెద్ద ఊరి పేరు చెప్పి అమ్ముతుండె. ఇగ మా అమ్మ పేరు ఎవ్వరికి తెల్వకపాయె. గందుకే నాకు గింత పరేషాన్." పక్క ఆదివారం నన్ను సత్తెమ్మ ఇంటికి తీసుకెళ్ళి మగ్గం ముందు కూర్చోబెట్టింది. ఆ చేతుల్ని చూశాక మళ్ళీ ఏ చీర గురించీ అబద్ధం చెప్పలేకపోయాను.

మూడేళ్ళ తర్వాత రోడ్డు వెడల్పు చేయడంలో కొట్టు పోయింది. అక్క తుక్కుగూడ ఇంటికే పరిమితమైంది. టెర్మినల్ లోపల ఒక దుకాణంలో నాకు ఉద్యోగం వచ్చింది. మొదటిసారి మైసూరు వెళ్ళినప్పుడు ఆమె కోసం గంధపుచెక్క ఏనుగు తెచ్చాను. అప్పటికే మంచం మీద ఉంది. ఏనుగును వాసన చూసి, "ఎవరు చేసిన్రు?" అని అడిగింది. తెలియదన్నాను. "నువ్వే అడగకుంట తెచ్చినవా?" అని దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ ఎండాకాలమే పోయింది. ఆ ఏనుగు చివరిదాకా ఆమె దిండు పక్కనే ఉందని కోడలు చెప్పింది.

అప్పటినుంచి ఏ ఊరెళ్ళినా అడుగుతాను. పోయిన చలికాలం జైపూర్‌లో ఒక కొట్టులో నీలిరంగు పింగాణీ గిన్నె చేతిలోకి తీసుకుని, అమ్ముతున్న అమ్మాయిని ఇది ఎవరు చేశారని అడిగాను. ఆ పిల్ల కంగారుగా అటూ ఇటూ చూసి నోటికొచ్చిన పేరేదో చెప్పబోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. "తెలియకపోతే తెలియదని చెప్పమ్మా. అయినా కొంటాను" అన్నాను. ఆమె ఊపిరి వదిలి, "తెలియదు దీదీ. రేపు కనుక్కుని చెప్తాను" అంది. మర్నాడే నా తిరుగు ప్రయాణం. ఆటోను చుట్టూ తిప్పించుకుని ఆ కొట్టుకు వెళ్ళాను. నన్ను చూడగానే ఆ అమ్మాయి నమస్తే అనడం కూడా మరిచిపోయి, గడప దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఒక పేరు చెప్పింది.